జమాబందీలో ఒక షరతు

కంప్యూటరు ఆదేశములలో ఒకే పనిని మరల మరల చేయించు భాగమును 'లూపు' అందురు. ఆగుటకు షరతు లేనిచో అది తిరుగుచునే యుండును. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరు థామస్ మన్రో నడిపిన రైత్వారీ జమాబందీయు అట్టి చక్రమే: ఏటేటా రైతు రైతుకూ లెక్క, శిస్తు. వాన నమ్మరాని కడప మెట్టలలో అది ఎంత బరువో వేరుగ చెప్పనేల?

1807లో మన్రో శిస్తును నూటికి 25 తగ్గింపుమనుచు, బయటపడు దారియు సూచించెను: ఏటి చివర రైతు భూమి విడువవచ్చును. దానిపై మరొక షరతు: మంచి చేను ఉంచుకొని చవిటినేల మాత్రమే విడువరాదు, రెండును పాలుచొప్పున విడువవలెను. ఖజానాకు రక్షయే; రైతుకు మాత్రము అది ఓరవాకిలి యని మేమనుకొందుము.

మద్రాసు ప్రభుత్వము ఆ సూచనను త్రోసి గ్రామములను గుత్తకిచ్చెను. 1820లో గవర్నరైన మన్రో రైత్వారీని మరల నిలిపెను. 1827లో పత్తికొండలో మరణించెను.