పాత కారు, కొత్త ఇంజన్, చల్లగాలి



వైశాఖం ఎండల్లో నాందేడ్ నుంచి భోకర్ మీదుగా భైంసా దాకా పాత కారులో ప్రయాణం చేసినవారికి ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. అద్దాలు మూస్తే ఉక్కపోత, తెరిస్తే వడగాలి. మా బడిలో పిల్లలు చల్లదనాన్ని మరాఠీలో 'గారవా' అంటారు. ఇంటికి వెళ్లి తెలుగులో 'చల్లగుంది' అంటారు. మాట ఏదైనా మే నెలలో మనందరి కోరిక అదే. ఆ చల్లదనం కారులోకి ఎలా వచ్చింది? ఇంజన్ మార్చిన పాత కారులో అది ఎందుకు ఆగిపోతుంది? మళ్లీ ఎలా తెచ్చుకోవాలి? ఈనాటి ప్రసంగంలో ఈ మూడు ప్రశ్నలకూ మా ఇంటి అంబాసిడర్ కారును సాక్షిగా పెట్టుకుని జవాబు చెప్పుకుందాం.

ముందుగా కొంత చరిత్ర. యంత్రంతో గాలిని చల్లబరచి, అందులోని తేమను అదుపు చేసే పద్ధతిని 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు రూపొందించాడు. అది మనుషుల సుఖం కోసం చేసింది కాదు. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుయంత్రాల కర్మాగారంలో తేమకు కాగితం సాగిపోయి రంగులు సరిగ్గా కుదరకపోవడంతో, కాగితం కోసం చేసింది. కారులోకి ఆ చల్లదనం రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1940 మోడలు కార్లను ప్యాకర్డ్ కంపెనీ ఏసీతో అమ్మింది. చల్లబరచే భాగం వెనుక డిక్కీలో చాలా చోటు ఆక్రమించేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు, అంటే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అదీ తిరగవలసిందే. చలికాలంలో వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. 1954లో నాష్ కంపెనీ ఈ భాగాలన్నిటినీ కారు ముందువైపునే ఇమిడ్చింది. నేటి కార్లలో ఉన్న అమరిక దాదాపు అదే.

ఈ కథలో బెల్టు సంగతిని గుర్తు పెట్టుకోండి. ఏసీని మనం కారు సామానుగా, అంటే సీటు కవరు లాంటిదిగా, అనుకుంటాం. నిజానికి అది ఇంజన్‌కు కట్టిన రెండో బండి. ఇంజన్ లాగితేనే అది నడుస్తుంది.

అది ఎలా నడుస్తుందో కూడా చెప్పుకుందాం. సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్ రుద్దితే చెయ్యి చల్లబడుతుంది కదా. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. మన మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. ఏసీలో ఆ పని చేసేది ఒక గ్యాసు. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది వేడిని బయటికి వదిలి ద్రవమవుతుంది. డ్రయ్యర్ అందులోని తడిని పీల్చుకుంటుంది. ఆ తరువాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని సందు గుండా దాన్ని వదులుతుంది. డాష్‌బోర్డు కింద ఉండే కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై, మన ఒంటి వేడిని మోసుకుని మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఈ చక్రం తిప్పడానికి ఇంజన్ శక్తిలో నాలుగైదు గుర్రాల బలం ఖర్చవుతుంది.

ఇప్పుడు అంబాసిడర్ దగ్గరికి వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాకు మారింది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర అంబాసిడర్ బయటికి వచ్చింది. చాలా ఏళ్లపాటు దాని గుండెకాయ 1489 సీసీ పెట్రోలు ఇంజన్. బలం సుమారు 50 గుర్రాలు. అందులో పదోవంతు ఏసీకే ఇస్తే, అయిదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో ఆ కారు ఘాటు ఎక్కేదెలా? అందుకే మన తాతల కాలపు అంబాసిడర్లలో చల్లదనమంటే కిటికీకి కట్టిన తడిగుడ్డే.

1990ల తొలినాళ్లలో కంపెనీ స్వయంగా ఇంజన్ మార్చింది. జపాన్‌కు చెందిన ఇసుజు 1817 సీసీ ఇంజన్‌ను, అయిదు గేర్ల పెట్టెతో సహా, అదే పాత ఒంట్లో కూర్చోబెట్టింది. బలం 75 గుర్రాలకు పెరిగింది. అదే ఇసుజు ఇంజన్ ఆ కంపెనీ తయారు చేసిన కాంటెసా కారులోనూ ఉండేది. ఆ సంగతి మాకు తరువాత ఎంతో ఉపకరించింది.

మా బాపు 1986లో అంబాసిడర్ కొన్నారు. 1991లో హైదరాబాద్‌లో డాష్‌బోర్డు కింద ఏసీ పెట్టించారు. ఏసీ వేస్తే కారు నీరసించేది, ఆపితే మేము నీరసించేవాళ్లం. 2004లో ఇంజన్ పూర్తిగా అరిగిపోయింది. తుక్కుకు వచ్చిన మరో అంబాసిడర్ నుంచి ఇసుజు ఇంజన్ తెచ్చి వేయించారు, ఆర్.సి. పుస్తకంలో నమోదు కూడా చేయించారు. కారు పరుగెత్తింది కానీ ఏసీ మూగబోయింది. పందొమ్మిదేళ్లు అది డాష్‌బోర్డు కింద ఊరికే వేలాడింది.

2023 నాటికి బాపుకు డెబ్బై ఆరేళ్లు. గుండె జబ్బు. ఎండలో ప్రయాణం వద్దని డాక్టరుగారి ఆజ్ఞ. ముధోల్‌లో ఉన్న వాళ్ల అక్క, అంటే మా మేనత్త, మంచాన పడింది. ఆమెను చూడాలని బాపు పట్టుపట్టారు. వేరే కారు మాట్లాడతానంటే వినలేదు. "నా బండిల పోత, లేకుంటే పోనే పోను" అన్నారు. ముధోల్ బాపు పుట్టిన ఊరు. 1956 నవంబరు 1 దాకా అది నాందేడ్ జిల్లాలోనే ఉండేది. ఆ రోజున నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, ముధోల్ ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అప్పుడు బాపుకు తొమ్మిదేళ్లు. ఆయనకు ఆ దారి రెండు రాష్ట్రాల మధ్య దారి కాదు, ఇంటిదారి.

సరే, ఏసీ బాగుచేయించాలి. మొదట తొందరపడ్డాను. ఒకచోట పాత కంప్రెసర్‌నే ఎలాగో బిగించి, కొత్త గ్యాసు నింపి పంపారు. ఇరవై రోజులు చల్లగా ఉంది. ఇరవై ఒకటో రోజున కీచుమని కంప్రెసర్ పట్టేసింది. డబ్బూ పోయింది, ఏప్రిల్ నెలా పోయింది.

ఎందుకు పట్టేసిందో తెలియాలంటే గ్యాసు చరిత్ర తెలియాలి. పాత కార్లలో ఆర్-12 అనే గ్యాసు వాడేవారు. 1930 ప్రాంతంలో అమెరికాలో అది వచ్చినప్పుడు, మండదు, విషం కాదు అని అందరూ మెచ్చుకున్నారు. 1974లో మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ జాతి వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర పల్చబడిన సంగతి బయటపడింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. 2010 నాటికి ఈ వాయువుల తయారీకి స్వస్తి చెప్పింది. వాటి స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. ఓజోన్‌కు అది హాని చేయదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. అందుకే దాన్ని కూడా గాలిలోకి వదలకూడదు.

పాత గ్యాసుతో పాటు తిరిగిన ఖనిజ నూనె కొత్త గ్యాసులో కలవదు. కలవని నూనె గొట్టాల్లోనే నిలిచిపోతుంది, కంప్రెసర్‌కు తిరిగి రాదు. నూనె లేని కంప్రెసర్ ఎన్నాళ్లు తిరుగుతుంది? మా కారులో జరిగింది ఇదే.

రెండోసారి వెళ్లిన మెకానిక్ పెద్దమనిషి. తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడతాడు. బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి అన్నాడు: "గురూజీ, మీరు ఏసీని చూస్తున్నరు. ఇంజన్‌ను చూడుర్రి. పాత బ్రాకెట్ పాత ఇంజన్‌ది. కొత్త ఇంజన్‌కు అది ఎట్ల కూసుంటది?"

శ్రోతలారా, నేను చెప్పదలచిన అసలు సంగతి ఈ మాటలోనే ఉంది. కంప్రెసర్‌ను పట్టుకునే బ్రాకెట్ కారుది కాదు, ఇంజన్‌ది. కాబట్టి ఇంజన్ మారిన కారులో ఏసీ పని ఇంజన్ దగ్గరే మొదలుపెట్టాలి. మొదటివారు పాత బ్రాకెట్‌కు రంధ్రాలు పెంచి బిగించారు. పుల్లీలు ఒక వరుసలో లేక బెల్టు ఓరగా నడిచేది. ఈయన తుక్కు బజారులో కాంటెసా కారు బ్రాకెట్ వెతికి తెచ్చాడు. కారు వేరైనా ఇంజన్ ఒకటే గనుక బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. పుల్లీల మీద తిన్నని ఇనుప పట్టీ ఆనించి వరుస చూశాడు.

తరువాత పని వరుసగా సాగింది. కూలింగ్ కాయిల్‌ను కడిగి ఉంచుకున్నాడు. కంప్రెసర్, డ్రయ్యర్, వాల్వ్, రబ్బరు రింగులు, గొట్టాలు కొత్తవి వేశాడు. కొత్త గ్యాసు ఒత్తిడి ఎక్కువ కనుక పెద్ద కండెన్సర్ పెట్టి, దాని ముందు కరెంటు ఫ్యాను బిగించాడు. కండెన్సర్ వదిలే వేడి రేడియేటర్ మీదే పడుతుంది కాబట్టి రేడియేటర్‌నూ విప్పి శుభ్రం చేయించాడు. ఒత్తిడి మితిమీరితే కంప్రెసర్‌ను ఆపే స్విచ్, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోకుండా వేగం కొద్దిగా పెంచే పరికరం అమర్చాడు. పాత డైనమో ఉన్న కార్లలో ఇన్ని ఫ్యాన్లకు కరెంటు చాలదు, ఆల్టర్నేటర్ తప్పనిసరి. మా కొత్త ఇంజన్‌కు అది ముందే ఉంది.

ఆఖరున నైట్రోజన్ నింపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాసి లీకు చూశాడు. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెబుతాను. లీకు పరీక్షకు ఆక్సిజన్ సిలిండరు వాడనివ్వకండి. నూనెతో కలిస్తే అది పేలుతుంది. చౌకని వంటగ్యాసు నింపుతామంటే అసలే ఒప్పుకోకండి. గొట్టం పగిలితే కారులోనే మంట లేస్తుంది. లీకు లేదని తేలాక వ్యాక్యూమ్ పంపుతో ముప్పావుగంట గాలీ తడీ లాగేసి, గ్యాసును తూకం వేసి నింపాడు. అంచనాతో నింపలేదు. పాత గ్యాసు పట్టే చోట కొత్తది కొంచెం తక్కువే పడుతుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో మార్పులు ఇష్టం వచ్చినట్లు చేయకూడదు. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కనుక ఆర్టీవో కార్యాలయంలో అడగకుండా ఇంజన్ మీద చెయ్యి వేయకండి. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు 'వింటేజ్' గుర్తింపు ఇస్తున్నారు. అది అసలు రూపం చెడని బండ్లకే. ఇంజన్ మారిన మా కారుకు 2036లో యాభై నిండినా ఆ గౌరవం దక్కదు. మీ కారు ఇంకా పాత ఇంజన్‌తోనే ఉంటే, ఈ లెక్క ముందే చూసుకోండి. విప్పిన పాత భాగాలను తుక్కుకు వేయకండి. మేము మాత్రం నిలబెట్టి చూసుకునే కారు కంటే మనిషిని ఊరు చేర్చే కారే మేలనుకున్నాం.

మే మూడో వారంలో బయలుదేరాం. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల బాపు కండువా కప్పుకుని కూర్చున్నారు. భోకర్ దాటాం, భైంసా దాటాం. ఇంజన్ వేడి ముల్లు నడిమి గీత దాటలేదు. ముధోల్ దగ్గర పడుతుండగా బాపు కళ్లు తెరిచి, "చల్లగనే ఉన్నది గానీ, ఇగ అద్దం దించు బిడ్డా. ఊరి గాలి రానీ" అన్నారు. దించాను. వడగాలి మొహాన కొట్టింది. ఆయన నవ్వారు. అత్త గుమ్మం దాకా ఆ అద్దం మళ్లీ ఎక్కించలేదు.

ఆమె ఆ శ్రావణంలో కన్నుమూసింది. ఆఖరి చూపు దక్కిందని బాపు ఇప్పటికీ అంటుంటారు. మీ ఇంట్లోనూ మూలన పడి ఉన్న పాత బండి ఉంటే, దాని బానెట్ ఎత్తి చూడండి. ముందు ఇంజన్‌ను చూడండి, ఆ తరువాతే ఏసీని.