నాందేడ్ దండు, తాటికొండ దొంగ

1708 వానాకాలం చివర నాందేడ్ దగ్గర గోదావరి ఒడ్డున మొగల్ చక్రవర్తి బహదూర్ షా దండు విడిసింది. రాజునని ప్రకటించుకుని హైదరాబాదులో ఉన్న తమ్ముడు కాంబక్ష్ మీదికి ఆయన వెళ్తున్నాడు. వెంట వచ్చిన గురు గోవింద్ సింగ్ అక్టోబరులో నాందేడ్‌లోనే కన్నుమూశారు. గురువు ఆజ్ఞతో ఆయన శిష్యుడు బందా సింగ్ అక్కడి నుంచే పంజాబ్‌కు బయల్దేరాడు. దండు మాత్రం మన తెలంగాణలోకి దిగింది.

ఇక్కడ ఆ దండు కోసం ఎదురుచూస్తున్నవాడు ఒకడున్నాడు. ఖాఫీ ఖాన్ పారశీక చరిత్రలో అతను పాపడు, దారిదోపిడీ దొంగ. మన ఊళ్లలో కథ చెప్పేవాళ్లకు సర్దార్ సర్వాయి పాపన్న. కల్లుగీత కులంలో పుట్టి, షాపూర్‌లో (ఇవాళ్టి ఖిలాషాపూర్) కోట కట్టి, మొగల్ అధికారుల్ని పదిహేనేళ్ల పాటు నిద్రపోనివ్వలేదు. 1708 ఏప్రిల్‌లో, ఊరంతా మొహర్రం సందడిలో ఉండగా, ఓరుగల్లు మీద విరుచుకుపడ్డాడు. సొమ్ముతో పాటు వేలమందిని, ఆడవాళ్లనీ పిల్లల్నీ, చెరపట్టుకుపోయాడు. పాపన్నను తలకెత్తుకునే మనం ఈ చెర సంగతి దాచకూడదు.

1709 జనవరిలో కాంబక్ష్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. బహదూర్ షా హైదరాబాదులో కొలువు తీరాడు. ఆ కొలువుకు పాపన్న వచ్చాడు. పద్నాలుగు లక్షల రూపాయలు, దండుకు ధాన్యం సమర్పించి, చక్రవర్తి చేతుల మీదుగా ఖిలత్ (గౌరవ వస్త్రం) అందుకున్నాడు. నాందేడ్ మీదుగా వచ్చిన ఆ సైన్యానికి తిండి కావాలి, పాపన్నకు గౌరవం కావాలి. బేరం కుదిరింది. కానీ కుటుంబంలోని ఆడవాళ్లను చెరలో పోగొట్టుకున్న ఓరుగల్లు పెద్దలు మొర పెట్టుకున్నారు. ఒక గీతకార్మికుడికి రాజమర్యాదా అన్న కడుపుమంటా అందులో కలిసింది. చక్రవర్తి మాట మార్చాడు. హైదరాబాద్ సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను పట్టుకోమని హుకుం వెళ్లింది.

ముసలి బందిపోటు ఆఖరి సాహసం అంటే మనకు అమెరికన్ కౌబాయ్ కథలు గుర్తొస్తాయి. 2011లో వచ్చిన ‘బ్లాక్‌థార్న్’ సినిమాలో అమెరికన్ బందిపోటు బుచ్ కాసిడీ బొలీవియాలో చావకుండా బతికి, వృద్ధాప్యంలో ఇల్లు చేరాలని గుర్రమెక్కుతాడు. పాపన్న ఆఖరి ఏడాది నాకు అంతకన్నా పెద్ద కథగా తోస్తుంది. 1650లో పుట్టాడన్న జనం లెక్క నిజమైతే అప్పటికి అతనికి అరవై దగ్గర పడుతున్నాయి.

ముందు ఇల్లే ఎదురు తిరిగింది. షాపూర్ కోటలో ఖైదీగా ఉన్న తన తోడబుట్టినవాడికి పాపన్న భార్యే తిండిలో ఆకురాళ్లు దాచి పంపింది. సంకెళ్లు కోసుకున్న ఖైదీలు, పాపన్న బయట ఉన్న వేళ కోటను పట్టుకున్నారు. పాపన్న తన కోట తలుపుకే నిప్పు పెట్టించుకోవలసి వచ్చింది. ఈలోగా మొగల్ సైన్యం రావడంతో తాటికొండ కోటకు తప్పుకున్నాడు. అక్కడ నెలల తరబడి ముట్టడి. యూసుఫ్ ఖాన్ తెలివైన పని చేశాడు: కోట వదిలి వచ్చేవాళ్లకు రెట్టింపు జీతమన్నాడు. తిండిలేక నీరసించినవాళ్లు ఒక్కొక్కరే జారిపోయారు. మందుగుండు కూడా అయిపోయాక పాపన్న మారువేషంలో ఒంటరిగా బయటపడ్డాడు.

రెండు రోజుల ప్రయాణం తర్వాత ఒక ఊళ్లో కల్లు అడిగాడు. ఆ మాటతీరు విన్న గీతకాడికి అనుమానం వచ్చింది. మంచి కల్లు తెస్తానని చెప్పి, ఒకప్పుడు షాపూర్ ఖైదులో ఉన్న ఆ బావమరిదికే కబురు మోశాడు. తన కులంవాడి చేతిలోనే దొరికిపోయాడు పాపన్న. దాచిన సొమ్ము ఎక్కడుందో చెప్పమని కొన్నాళ్లు వేధించి చంపారు. తల చక్రవర్తికి పంపారు, మొండెం హైదరాబాద్ కోటగుమ్మానికి వేలాడదీశారు. ఇది 1710 సంగతి. అదే ఏడాది మే నెలలో నాందేడ్ నుంచి వెళ్లిన బందా సింగ్ సర్‌హింద్‌ను గెలిచాడు.

బందాను పంజాబ్ తన చరిత్రలో నిలబెట్టుకుంది. పాపన్నను మనం పాటలో దాచుకున్నాం, విగ్రహాలు పెట్టాం. ఇక ఖిలాషాపూర్, తాటికొండ గోడల మీద మొలిచిన చెట్లు తీయించి, ఓరుగల్లు చెరతో సహా ఆ కథంతా పిల్లల పుస్తకాల్లో రాయాలి.