శ్రీహరికోట మలుపు

2025 మార్చి 5న ఇస్రో చేతికి రెండు మైక్రోప్రాసెసర్లు అందాయి: విక్రమ్ 3201, కల్పన 3201. రెండూ 32 బిట్లవే, రెండూ చండీగఢ్ సెమీకండక్టర్ లాబొరేటరీలో తయారైనవే. రెంటి మీదా ‘స్వదేశీ’ అన్న ముద్ర ఒకటే అయినా, లోపలి భాషలు వేరు. నా ఆసక్తంతా ఆ తేడా మీదే.

ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితాని దాని భాష అనుకుందాం. విక్రమ్ భాష ఇస్రో సొంతంగా కూర్చుకున్నది. దీని ముందుతరం, 16 బిట్ల విక్రమ్ 1601, 2009 నుంచీ మన రాకెట్లలో ఎగురుతోంది. కల్పనది స్పార్క్ వి8. ఒక అమెరికన్ కంపెనీలో పుట్టి, తర్వాత ఐఇఇఇ ప్రమాణమైన భాష. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ మొదలుపెట్టిన లియాన్ ప్రాసెసర్లదీ అదే.

సొంత భాష మీద పట్టుదల ఊరికే రాదు. 1992 మేలో, రష్యాతో క్రయోజెనిక్ ఒప్పందం కారణంగా అమెరికా ఇస్రో మీద ఆంక్షలు విధించింది. అలాంటి దెబ్బ తిన్న సంస్థ తన కాళ్ళ మీదే నిలబడాలనుకోవడంలో తప్పేముంది? ఎగిరి నెగ్గినదాన్ని వదులుకోవడమూ తేలిక కాదు. విక్రమ్ 3201 కూడా 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్వీ-సీ60లో పరీక్ష నెగ్గింది.

కానీ సొంత భాషకి నిఘంటువూ మనమే రాసుకోవాలి. అడా కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రోనే తయారుచేసుకుంది. విక్రమ్ అందిన రోజుకి సి కంపైలర్ ఇంకా తయారీలోనే ఉంది. కల్పన ఓపెన్ సోర్స్ పనిముట్లతో కలిసి పనిచేస్తుంది. వాటిలో తప్పు ఎక్కడో ఎవరికో దొరికినా, ఆ దిద్దుబాటు మనకీ అందుతుంది. కొత్తగా చేరే ఇంజనీర్ చాలావరకు ముందే నేర్చుకుని వస్తాడు.

తెలుగు చదివేవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు. ఒకప్పుడు డీటీపీ ఫాంట్లలో ఎవరి సంకేతాలు వాళ్ళవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో కథ తెరిస్తే కనిపించేది పిచ్చిగీతలే. యూనికోడ్ వచ్చాకే మన అక్షరం ఎక్కడ తెరిచినా అక్షరంగా నిలిచింది.

అలాగని ప్రమాణం తాయెత్తేమీ కాదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 పేలిపోయింది. ఏరియాన్ 4లో బాగానే నడిచిన కోడ్‌ని అలాగే వాడారు. కొత్త రాకెట్ వేగానికి ఒక సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. అరువు తెచ్చుకున్నదాన్నీ మన అవసరానికి పరీక్షించుకోవలసిందే.

మరి పూర్తిగా మనమే రాసుకోవలసింది ఏది? శ్రీహరికోట నుంచి ధ్రువకక్ష్యకి నేరుగా దక్షిణానికి వెళ్తే దారిలో శ్రీలంక ఉంటుంది. అందుకే పీఎస్ఎల్వీ ముందు ఆగ్నేయంగా వెళ్ళి, తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపు మన భూగోళం పెట్టిన లెక్క, దాన్ని ఇంకెవరూ చేసిపెట్టరు. 1993 సెప్టెంబర్ 20న మొదటి పీఎస్ఎల్వీ బంగాళాఖాతంలో పడింది. దానికి దారితీసిన కారణాల్లో ఒకటి రాకెట్ వాలుని నియంత్రించే సాఫ్ట్‌వేర్‌లోని తప్పు. అదీ మనమే రాసుకోక తప్పని కోడే. మన దగ్గరున్న కళ్ళు కొన్నే. వాటిని కంపైలర్ మీద ఖర్చుపెడితే, మలుపు మీద అంత తక్కువ పడతాయి.

ప్రమాణం అంటే పరాధీనత అన్న భయమూ పాతబడుతోంది. ఎవరైనా వాడుకోగల రిస్క్-5 భాషతో ఐఐటీ మద్రాస్, ఇస్రో కలిసి చేసిన చిప్ 2025లోనే వచ్చింది. అందరిదీ అయిన భాషని ఎవరూ ఆంక్ష పెట్టి లాక్కోలేరు.