సంగీత నాటక అకాడమీ: అవార్డు ఎవరికి.. డబ్బు ఎంత?

సంగీతం, నృత్యం, నాటకం.. ఈ మూడింటి కోసం కేంద్రం పెట్టిన సంస్థే సంగీత నాటక అకాడమీ. 1953 జనవరి 28న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. తొలి ఛైర్మన్ పి.వి. రాజమన్నార్ మన తెలుగువారే. మద్రాస్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉంటూనే తెలుగు నాటకాలు రాసిన మనిషి.

అకాడమీకి నిధులు ఇచ్చేది కేంద్ర సాంస్కృతిక శాఖ. అవార్డు ఎవరికన్నది తేల్చేది మాత్రం అకాడమీ జనరల్ కౌన్సిల్. ఫెలోషిప్‌కి రూ. 3 లక్షలు, అవార్డుకి రూ. లక్ష, తామ్రపత్రం, అంగవస్త్రం ఇస్తారు. 40 ఏళ్ల లోపు వాళ్లకి బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం కింద రూ. 25 వేలు. ఇదంతా ఒక్కసారి వచ్చే సొమ్మే, నెలనెలా కాదు.

అయితే ఏటా ఇచ్చే అవార్డులు కొన్నే. ఊళ్లలో ఆడి పాడే వాళ్లలో చాలామంది పేర్లు ఢిల్లీ దాకా వెళ్లవు. 75 ఏళ్లు దాటినా జాతీయ స్థాయిలో ఏ గౌరవమూ దక్కని వాళ్ల కోసం అమృత్ అవార్డులు పెట్టారు. 2023 సెప్టెంబర్ 16న ఢిల్లీలో 84 మందికి వాటిని అందించారు. ఆలస్యమే.. కానీ బతికుండగా దక్కింది.

మరి రోజు గడిచేదెలా? సాంస్కృతిక శాఖకు వృద్ధ కళాకారుల సాయం పథకం వేరే ఉంది. వయసు 60 దాటాలి, ఏడాది ఆదాయం రూ. 72 వేలు మించకూడదు. నెలకు గరిష్ఠంగా రూ. 6 వేలు వస్తాయి. దీనికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.