పట్టిక పక్కకు గ్రాఫ్ వచ్చిన కథ

ఎన్టీఆర్ జిల్లాలోని గంపలగూడేనికి ఒకవైపు నూజివీడు, ఇంకోవైపు నందిగామ. ఈ రెండు ఊళ్ల బడుల్లోనూ చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు గారే ప్రపంచమంతా సి.ఆర్.రావుగా ఎరిగిన గణాంక శాస్త్రవేత్త. ఆయన సూత్రాలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. డేటాతో రోజూ పనిచేసేవాళ్లకు అంతకంటే అక్కరకొచ్చే సంగతి 1989లో వచ్చిన ఆయన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో ఉంది: లెక్క కట్టబోయే ముందు, సాక్షిని వకీలు అడిగినట్టు, డేటాను అడ్డుప్రశ్నలు అడగాలి.

అడగాలంటే ముందు అది కంటికి కనబడాలి కదా. 1979లో విజిక్యాల్క్ అనే ప్రోగ్రాము వచ్చి పట్టికను ఆపిల్ కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. గ్రాఫ్ కావాలంటే మాత్రం అంకెలను ఫైలుగా దాచుకుని, విజిప్లాట్ అనే వేరే ప్రోగ్రాము తెరవాలి. అంత తిప్పలు పడి చూసేదెవరు? ఆ విజిప్లాట్ రాసిన మిచ్ కేపరే 1983లో జొనాథన్ శాక్స్‌తో కలిసి లోటస్ 1-2-3 తెచ్చారు. గడిలో అంకె మార్చి ఎఫ్10 నొక్కితే చాలు, గ్రాఫ్ కొత్త అంకెతో కనబడేది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

1994లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రమణారావు, స్టూవర్ట్ కార్డ్ ఇంకో అడుగు వేశారు. వాళ్ల ‘టేబుల్ లెన్స్’లో పట్టికే గ్రాఫ్. ప్రతి అంకె ఒక సన్నని గీత, విలువను బట్టి గీత పొడవు. 323 మంది బేస్‌బాల్ ఆటగాళ్ల వివరాలు, 23 నిలువు వరుసల్లో, ఒకే తెరలో ఇమిడాయి. అనుమానం వచ్చిన వరుసను విప్పితే అసలు అంకెలు కనబడేవి.

తర్వాత పైప్‌లైన్ల కాలం వచ్చింది. డేటా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దానంతటదే పోతుంది, మనిషి చూడడు. అందుకే మధ్యలో ఆపి చూసే కిటికీలు పెట్టాల్సి వచ్చింది. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2006లో విడుదలైన నైమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ మెట్టు దగ్గరైనా పట్టిక తెరిచి చూడొచ్చు. 2013లో కొరియాలో మొదలైన జెప్లిన్‌లో ఫలితం పైనే బొత్తాలుంటాయి: ఒకటి నొక్కితే పట్టిక, పక్కది నొక్కితే గ్రాఫ్.

పట్టిక, గ్రాఫ్ రెండూ ఎందుకంటే, ఒకదానిలో కనబడనిది ఇంకోదానిలో కనబడుతుంది. గంపలగూడెం మండలం రోజువారీ వర్షపాతం ఫైలు తీసుకుందాం. కొలత అందని రోజున కొన్ని ఫైళ్లలో -999 అని వేస్తారు. ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు కురిసే చోట అలాంటి గడి ఒక్కటి కూడికలో కలిస్తే ఏడాది వానంతా మాయమవుతుంది. వందల వరుసల్లో కన్ను దాన్ని దాటిపోవచ్చు. గ్రాఫ్‌లో గీత పాతాళానికి దిగి పట్టిచ్చేస్తుంది. ఊరి పేరు చివర ఎవరో పొరపాటున ఖాళీ వదిలితే పట్టికలో తేడా తెలియదు, గ్రాఫ్‌లో మాత్రం రెండు గంపలగూడేలు నిలబడతాయి. అదే 04-05 అన్న తేదీ మే నాలుగా, ఏప్రిల్ అయిదా అంటే గ్రాఫ్ దగ్గర జవాబు లేదు. పట్టికలో పైవరుస, కిందివరుస చూసుకోవాలి.

అయినా ఈ కిటికీల్లో ప్రివ్యూ చూశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. అది సాధారణంగా మొదటి కొన్ని వరుసలనే చూపిస్తుంది. డేటా పనులకు వాడే పాండాస్‌లో ‘హెడ్’ అంటే మామూలుగా అయిదు వరుసలు, జెప్లిన్‌లో ముందుగా పెట్టిన హద్దు 1000. గంపలగూడెం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. తేదీల వారీగా పేర్చిన ఎన్నో ఏళ్ల ఫైలు తెరిస్తే మొదటి వెయ్యి వరుసలూ కృష్ణా అనే చూపొచ్చు. జిల్లా మారిన సంగతి తెలియాలంటే ఫైలు చివరి వరుసలు, మధ్యలోంచి అక్కడక్కడ తీసిన వరుసలు కూడా తెప్పించుకుని చూడాలి.