గౌతమి ఒడ్డున బడిపంతులు జీతం

యానాం ప్రాంతంలో గౌతమీ తీరాన ఉన్న దరియాలతిప్పలో జనం మాట్లాడేది తెలుగే, అక్కడి బడులు చిరకాలం అనుసరించింది ఆంధ్రప్రదేశ్ పాఠ్యక్రమాన్నే. అయినా ఆ ప్రాంతపు ప్రభుత్వోపాధ్యాయుల జీతభత్యాల చరిత్ర మాత్రం పొరుగునున్న తాళ్లరేవు, ఎదుర్లంక బడుల చరిత్రతో కలవదు. ఈ తేడాకు మూలం ఫ్రెంచి పాలన ముగిసిన తీరులో ఉంది. 1954 నవంబరు 1న పాలన చేతులు మారగా, 1956లో కుదిరి 1962లో అమల్లోకి వచ్చిన ఒప్పందం స్థానిక ఉద్యోగులను భారత ప్రభుత్వ కొలువులోకి తీసుకొని, వారి జీతం, సెలవు, పింఛను హక్కులను వీలైనంతవరకు యథాతథంగా కాపాడతానని మాట ఇచ్చింది. ఆ తరువాత యానాం భాగమైన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కావడంతో జీతాల లెక్క ఢిల్లీకి ముడిపడింది.

పొరుగు రాష్ట్రంలో 1980లలో స్పెషల్ టీచర్లు నెలకు 398 రూపాయల స్టైపెండుపై పనిచేస్తున్న కాలంలోనే, ఉపాధ్యాయుల స్థితిగతులను పరిశీలించిన చట్టోపాధ్యాయ కమిషన్ సిఫారసుల తరువాత కేంద్రం 1987 ఆగస్టులో, చండీగఢ్ మినహా కేంద్రపాలిత ప్రాంతాల బడులన్నిటికీ, 1986 జనవరి నుంచి వర్తించేలా మూడంచెల వేతన విధానాన్ని ప్రకటించింది. ప్రాథమికోపాధ్యాయునికి ప్రారంభ స్కేలు 1200–2040 కాగా, పన్నెండేళ్ల సర్వీసు తరువాత వచ్చే సీనియర్ స్కేలు 1400–2600, మరో పన్నెండేళ్లకు దక్కగల సెలక్షన్ స్కేలు 1640–2900 రూపాయలు. ఇందులోని అసలు విశేషం అంకెల వరసలోనే ఉంది: ఆ సీనియర్ స్కేలు పట్టభద్రోపాధ్యాయుని ప్రారంభ స్కేలుతోను, సెలక్షన్ స్కేలు ఉన్నత మాధ్యమిక తరగతులు బోధించే స్నాతకోత్తర ఉపాధ్యాయుని ప్రారంభ స్కేలుతోను సమానం కనుక, ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులు పదోన్నతి కోసం ఆ తరగతిని విడిచిపోనక్కరలేదు. ఉపాధ్యాయ వృత్తికి జరిగిన మేళ్లలో ఇంత అర్థవంతమైనది మరొకటి అరుదు.

అయితే సెలక్షన్ స్కేలు పోస్టులను సీనియర్ స్కేలు పోస్టుల్లో 20 శాతానికి పరిమితం చేయడం వల్ల, ఇరవై నాలుగేళ్లు పనిచేసిన వారిలో చాలామంది అర్హత ఉండి కూడా రెండో మెట్టు మీదే ఆగిపోవలసి వచ్చేది. ఇది విధానపు ఉద్దేశానికే విరుద్ధమైన నిబంధన. మూడంచెలు మాత్రం నిలిచాయి: ఆరో వేతన సంఘం సిఫారసులపై కేంద్రం 2006 నుంచి ప్రాథమికోపాధ్యాయులకు వరుసగా 4200, 4600, 4800 రూపాయల గ్రేడ్ పే, అనగా హోదాను సూచిస్తూ మూలవేతనంలో కలిసే మొత్తం, నిర్ణయించింది.