ధనుష్కోటి తుఫాను, మా పెద్దమ్మ కట్టించిన తిణ్ణ



పోయిన వారం మన పిల్లవాడొకడు కొత్త పాంబన్ వంతెన ఫోటో ఒకటి పెట్టి, "1964లో మునిగిపోయిన రైలులోంచి మా పెద్ద తాతయ్య, పెద్దవ్వ చివరి నిమిషంలో దిగిపోయి బతికారు" అని రాశాడు. చాలామంది నమస్కారం గుర్తులు పెట్టారు. ఆ పెద్ద తాతయ్య, పెద్దవ్వ నాకు పెద్దనాన్న, పెద్దమ్మ. ఆ మాట మా ఇంట్లో ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నదే, కాబట్టి పిల్లవాడి తప్పేమీ లేదు. కానీ అది నిజం కాదు. నిజం ఏమిటో పెద్దమ్మ నాతో చెప్పింది. వచ్చే తై నెలలో ఆ ఇల్లు ఇడిచేస్తున్నారు కాబట్టి ఇప్పుడే రాసిపెడుతున్నాను. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి, తెలుగు అక్షరాలు రిటైర్ అయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

మొదట ధనుష్కోటి అంటే ఏమిటో చెప్పాలి. ఇప్పటి పిల్లలకు అది ఇసుక, విరిగిన చర్చి గోడ, ఫోటోలు తీసుకునే చోటు. ఒకప్పుడు అది పెద్ద రేవు. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 145 గర్డర్లు, మధ్యలో పడవలు వెళ్ళడానికి రెండు రెక్కలుగా పైకి లేచే భాగం. ఆ వంతెన వచ్చాక మద్రాసు ఎగ్మూరులో రైలెక్కినవాడు నేరుగా ధనుష్కోటిలో దిగి, అక్కడే ఓడెక్కి, తలైమన్నారులో దిగి, మళ్ళీ రైల్లో కొలంబో చేరేవాడు. అదే బోట్ మెయిల్. ధనుష్కోటిలో స్టేషన్, కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, గుడి, చర్చి, సత్రాలు అన్నీ ఉండేవి. అప్పుడు పాంబన్ ఒక జంక్షన్. అక్కడినుంచి ఒక లైను రామేశ్వరానికి, ఇంకొక లైను ధనుష్కోటికి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మనవాళ్ళకు ధనుష్కోటి అంటే సేతు స్నానం. కాశీకి వెళ్ళేవాళ్ళు ముందు సేతువులో స్నానం చేసి ఇసుక తీసుకుని, కాశీలో గంగలో కలిపి, గంగ నీళ్ళు తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేస్తేనే యాత్ర పూర్తి అని వాడుక. పెద్దనాన్నకు, పెద్దమ్మకు పెళ్ళై పన్నెండేళ్ళైనా పిల్లలు లేరు. కాశీకి వెళ్ళాలని మొక్కుకున్నారు. 1964 డిసెంబరులో, మార్గళి నెలలో, రాజపాళయంలో రైలెక్కి విరుదునగర్, మదురై మీదుగా రామేశ్వరం వెళ్ళారు. అప్పటికి నాకు ఐదేళ్ళు. స్టేషన్‌లో పెద్దమ్మ నాకు పొరి ఉండ కొనిచ్చింది, అంతే గుర్తు.

ఇక తుఫాను. డిసెంబరు 17న అండమాన్ సముద్రం దక్షిణాన వాయుగుండం పుట్టింది. 19కల్లా అది బలమైన తుఫాను. 22న సిలోన్ ఉత్తర భాగాన్ని దాటి, ఆ రాత్రి పాంబన్ దీవి మీద పడింది. గాలి గంటకు 240 కిలోమీటర్లని కొందరు, 280 అని కొందరు రాశారు. ఇరవై అడుగులకు పైగా అల లేచింది. ఈనాటిలాగా ఉపగ్రహం ఫోటో లేదు, సెల్‌ఫోన్ లేదు. ధనుష్కోటి జనం మామూలుగానే తలుపులు వేసుకుని పడుకున్నారు.

ఆ రాత్రి 11.55కు పాంబన్‌లో 653 నంబరు ప్యాసెంజరు ధనుష్కోటికి బయలుదేరింది. 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది. స్టేషన్ ఇంకా కొన్ని వందల గజాల దూరంలో ఉండగా సిగ్నల్ దొరకలేదు. గాలిలో, చీకటిలో డ్రైవరు కాసేపు చూసి, పొడుగ్గా విజిల్ వేసి ముందుకు కదిలించాడని చెప్తారు. అల వచ్చి రైలును మొత్తం తీసుకుపోయింది. 115 మందిలో ఒక్కరూ మిగల్లేదు. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. మొత్తం ఆ తుఫానులో చనిపోయినవాళ్ళు సుమారు 1800 మంది అంటారు.

ఇప్పుడు మన పిల్లవాడు రాసిన మాటకు వస్తాను. 653 పాంబన్ నుంచి ధనుష్కోటికి వెళ్ళే రైలు. రామేశ్వరం దాని దారిలో లేదు. రామేశ్వరంలో బస చేసినవాళ్ళు ఆ రాత్రి ఆ రైలు ఎక్కే అవసరమూ లేదు, దిగే అవకాశమూ లేదు. ఈ సంగతి నాకు రైల్వేలో చేరాక, కొన్నేళ్ళు రామేశ్వరం బుకింగ్ కౌంటర్‌లో కూర్చున్నప్పుడు అర్థమైంది. అప్పుడు ఇంకా మీటర్‌గేజ్. అక్కడి పాత గ్యాంగ్‌మెన్ తుఫాను కథలు చెప్పేవాళ్ళు. పటం గీసి చూసుకుంటే మా ఇంటి కథ పొసగలేదు. సెలవులో ఇంటికి వచ్చినప్పుడు పెద్దమ్మను అడిగాను. అప్పటికి పెద్దనాన్న పోయి రెండేళ్ళు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

22వ తేదీ పొద్దున వాళ్ళు ధనుష్కోటికి వెళ్ళారు. సేతు స్నానం చేశారు. ఒడ్డున ఆంధ్రా నుంచి వచ్చిన ఒక ముసలి దంపతులు కలిశారు. పెద్దమ్మ పుట్టినప్పటినుంచి తెలుగే మాట్లాడింది, కానీ మన ఇళ్ళ బయట ఇంకొకరి నోట తెలుగు వినడం ఆమెకు అదే మొదటిసారి. "వాళ్ళ తెలుగు పాటలాగా ఉందిరా, మన తెలుగు విని వాళ్ళు నవ్వారు. నవ్వినా ప్రేమగా నవ్వారు" అని చెప్పింది. ఆ ముసలామె పెద్దమ్మ తలలో పూలు పెట్టి, కాశీకి వెళ్ళిరా, కడుపు పండుతుంది అని దీవించింది. నలుగురూ కలిసి అన్నం తిన్నారు.

మధ్యాహ్నానికి గాలి ఎక్కువైంది. పెద్దనాన్న సాయంకాలం రైలుకు రామేశ్వరం వెళ్ళిపోదాం అన్నాడు. ఆ పెద్దాయన మాత్రం, రేపు తెల్లవారుజామున ఇంకొక స్నానం చేసి వస్తాం, ఈ రాత్రి ఇక్కడి సత్రంలోనే ఉంటాం అన్నాడు. పెద్దమ్మ ఆ ముసలామె చెయ్యి పట్టుకుని రమ్మని ఒకసారి పిలిచింది. "ఒకసారే పిలిచానురా. రెండోసారి పిలవలేదు. పెద్దవాళ్ళను బలవంతం చేస్తే మర్యాద కాదనుకున్నాను." ఇదే ఆమె నాతో చెప్పిన మాట.

ఆ రాత్రి రామేశ్వరంలో పైకప్పులు ఎగిరిపోయాయి. పెద్దమ్మవాళ్ళు గుడి ప్రాకారంలో వందలమందితో కూర్చుని తెల్లవార్చారు. సినిమా నటి సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు కూడా అప్పుడు రామేశ్వరంలోనే చిక్కుకుపోయారు. వాళ్ళు కూడా ధనుష్కోటి చూసి వచ్చినవాళ్ళే, క్షేమంగా బయటపడ్డారు. అందుకని పెద్దమ్మ ఊరికి తిరిగి వచ్చాక జనం అడిగిన మొదటి ప్రశ్న, "సావిత్రిని చూశావా?" అని. ఆమెకు ఒళ్ళు మండేది. "గోడలు పడిపోతుంటే సావిత్రిని ఎక్కడ చూసేది" అని తిట్టేది.

తెల్లవారాక ధనుష్కోటి లేదని తెలిసింది. పాంబన్ వంతెనలో 145 గర్డర్లలో 126 కొట్టుకుపోయాయి, మధ్యలో లేచే భాగం మాత్రం నిలిచింది. పెద్దమ్మవాళ్ళు వారం దాకా దీవిలోనే ఉండి, పడవలో మండపం దాటి, మదురై మీదుగా ఇల్లు చేరారు. ఇంటికి వస్తే ఇక్కడ వానకు వెనుక గోడ, దానితో పాటు వంటిల్లు కూలిపోయి ఉంది. మట్టి గోడ కదా.

ఇక్కడినుంచి రెండు కట్టడాల కథ. ఒకటి రైల్వే కట్టిన వంతెన. ఆరు నెలల్లో కట్టాలని మొదట అనుకుని, తర్వాత మూడు నెలలన్నారు. ఆ పని చూసిన ఇంజనీరు శ్రీధరన్ గారికి అప్పుడు వయసు ముప్పై రెండు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే. సముద్రంలో పడిన గర్డర్లను వెతికి, పైకి తీసి, బాగున్నవాటిని మళ్ళీ వాడి 46 రోజుల్లో రైలు నడిపించారు. రైల్వేలో చేరిన ప్రతివాడికీ ఈ కథ సీనియర్లు చెప్తారు, నాకూ చెప్పారు.

రెండోది పెద్దనాన్న ఇల్లు. "నూటనలభైఐదు గర్డర్ల వంతెనకు నలభైఆరు రోజులు, మన కొత్తనారుకు ఒక గోడకు నాలుగు నెలలు" అని ఆయన వేళాకోళం చేసేవాడు. (మనం కొత్తనారు అంటాం, ఆంధ్రాలో తాపీ మేస్త్రి అంటారట.) సిమెంటు అప్పుడు కంట్రోలు, పర్మిట్ కావాలి. మన రామసామి రాజా గారు మొదలుపెట్టిన సిమెంటు ఫ్యాక్టరీ విరుదునగర్ దగ్గర తులుక్కపట్టిలో పని మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళే. ఊరి పక్కనే ఫ్యాక్టరీ ఉన్నా మూట మాత్రం పర్మిట్‌కే. అందుకని సున్నం గానుగ పట్టి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి కట్టారు. కాశీ యాత్రకు దాచిన డబ్బంతా అందులో పోయింది. వాళ్ళు కాశీకి వెళ్ళనే లేదు.

ఆ డబ్బులోనే పెద్దమ్మ ఇంకొక పని చేయించింది. వీధి వైపు ఉన్న చిన్న తిణ్ణను పడగొట్టి, నలుగురు పడుకునేంత వెడల్పుగా కట్టించింది. పెద్దనాన్న వద్దన్నాడు, వంటింటికి ముందు తిణ్ణ ఎందుకని కోప్పడ్డాడు. ఆమె వినలేదు. అయ్యనార్ అరువికి వెళ్ళేవాళ్ళు, శ్రీవిల్లిపుత్తూరుకు నడిచి వెళ్ళేవాళ్ళు, ఎవరైనా సరే, చీకటి పడితే పెద్దమ్మ వీధిలోకి వెళ్ళి పిలిచేది. వద్దన్నా విడిచేది కాదు. రెండుసార్లు, మూడుసార్లు పిలిచేది. పిల్లలం మేము నవ్వేవాళ్ళం, పెద్దమ్మకు పిచ్చి అనుకునేవాళ్ళం. ఆమె ఎందుకలా పిలిచేదో నాకు ఆ రోజే తెలిసింది.

మరి రైలు కథ ఎలా పుట్టింది? ఎవరో బంధువు "మీరు ఆ రైల్లో లేరు కదా, దేవుడి దయ" అన్నాడట. ఇంకొకరు దాన్ని "రైలు దిగారు" అన్నారు. పెద్దనాన్న కాదనలేదు. ఆ కథ చెప్తే జనం ఇంకేమీ అడగరు. నిజం చెప్తే ఆ ముసలి దంపతుల సంగతి చెప్పాలి.

పెద్దమ్మ నన్ను ఒకటి అడిగింది. "నువ్వు రైల్వేలో ఉన్నావు కదా, వాళ్ళ పేర్లు ఏ కాగితంలోనైనా ఉంటాయా?" పేర్లు అడగడం ఆమె మరిచిపోయింది, ఊరు చెప్పినా గుర్తులేదు. నేను ఏం చెప్పను? మన పాత అట్ట టికెట్ మీద నంబరు ఉంటుంది, ఊరు ఉంటుంది, ఛార్జీ ఉంటుంది. పేరు ఉండదు. 110 మంది అని మనకు తెలిసింది టికెట్ల లెక్కే. సత్రంలో పడుకున్నవాళ్ళకు ఆ నంబరు కూడా లేదు. ముప్పై ఏళ్ళకు పైగా లక్షల టికెట్లు ఇచ్చాను. ఆ మాట విన్న తర్వాత కౌంటర్ కిటికీలో చెయ్యి కనబడితే ఒకసారి ముఖం కూడా చూసేవాణ్ణి.

ధనుష్కోటిని మళ్ళీ కట్టలేదు. మనుషులు ఉండడానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. ఓడ రామేశ్వరం నుంచి నడిచి, సిలోన్ గొడవలతో 1980లలో అదీ ఆగిపోయింది. కోదండరామస్వామి గుడి ఒకటి తుఫానుకు తట్టుకుని నిలిచింది. 2017లో అరిచల్‌మునై దాకా రోడ్డు వేశారు. 2019లో రైలు లైనుకు శంకుస్థాపన చేశారు, పట్టాలు ఇంకా పడలేదు. పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో కొత్తది తెరిచారు. కొన్నిటిని మళ్ళీ కడతాం, కొన్నిటిని విడిచిపెడతాం. విడిచిపెట్టడం కూడా ఒక్కోసారి సరైన పనే. ఆ ఇసుక మీద మళ్ళీ ఊరు కడితే ఇంకొక రాత్రి వస్తుంది.

అందుకే ఇల్లు ఇడవవద్దని నేను అనడం లేదు. గోడలు నెరలు విడిచాయి, తమ్ముళ్ళకు పిల్లలున్నారు, వాళ్ళకు చోటు కావాలి. నేను అడిగేది ఒకటే. కొత్త ఇంటికి గేటు పెట్టండి, కారు షెడ్డు పెట్టండి, వీధి వైపు నలుగురు కూర్చునే ఒక తిణ్ణ కూడా పెట్టండి. కట్టడానికి డబ్బు తక్కువైతే నా పెన్షన్‌లోంచి నేనిస్తాను. మన పిల్లవాడు ఫోటో కింద రాసిన వాక్యం మార్చితే మంచిది. మీ పెద్ద తాతయ్య, పెద్దవ్వ రైలు దిగి బతకలేదు నాయనా. సాయంకాలం రైలుకు ముందే తిరిగి వచ్చారు. ఇద్దరిని పిలిచారు, వాళ్ళు రాలేదు.

మీ ఇళ్ళల్లో కూడా 1964 సంగతులు తెలిసిన పెద్దలు ఉంటే అడిగి ఇక్కడ రాయండి. పేర్లు కూడా అడిగి రాయండి.